తట్టితే వదిలేస్తారు

అలెగ్జాండ్రియాలో కుస్తీ నేర్పే లుత్ఫీది ఒకటే మాట: బలమంతా పెట్టి పట్టు, అవతలివాడు చేత్తో తట్టగానే వదిలెయ్. ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్లుగా ఎవరి ఎముకా విరగకుండా నేర్పుకొచ్చాడు. బాక్సింగ్ గురువు జ్వరంతో పడుకుంటే ఆ క్లాసూ తనే తీసుకున్నాడు.

“ఏంట్రా, ఈగలు తోలుతున్నారా? గట్టిగా కొట్టుకోండి!”

“కోచ్, ప్రాక్టీసులో మెల్లగానే కొట్టమంటాడు మా గురువు,” అని నసిగాడు ఆ క్లాసుకొచ్చే మెకానిక్ శాది.

“తట్టుకోలేకపోతే చేత్తో నేలమీద తట్టు, అవతలివాడు ఆపేస్తాడు. అంత భయమైతే ఇంట్లో కూర్చో!”

శాది రోషంగా ముందుకెళ్లాడు. అవతలివాడి గుద్దు సరిగ్గా అతని కణత మీద పడింది. కళ్లు తేలేసి కుప్పకూలిన శాది చెయ్యి నేలను తడుతూనే ఉంది.

“వదిలెయ్ రా, వదిలెయ్!” అని అలవాటుగా అరుస్తూ పరుగెత్తాడు లుత్ఫీ.

శాదిని ఎవరూ పట్టుకుని లేరు.