మెట్ల మలుపులో విరిగిన బండ

బెంగళూరులో మా నాపరాయి టేబుళ్లకు తొలి పెద్ద బేరం తగిలిన రోజది. హోటలు మెట్ల మీద కూలీలు బండను మోసుకెళ్తున్నారు. మా బేతంచెర్లలో బండను నిలబెట్టే మోస్తారు, పడుకోబెడితే తన బరువుకే విరుగుతుంది. అది ఒకరికి చెప్పాల్సిన సంగతని నాకు తోచనే లేదు. మలుపులో వాళ్లు పడుకోబెట్టారు. బండ చిటుక్కుమంది. కింది మెట్టు మీద మా ఆయన ఉన్నాడు.

"గోడకు జరుగయ్యా!" అని అరిచాను.

ఆయన కాలు లాక్కున్నాడు. సగం బండ ఆయన వదిలిన చెప్పు మీద పడింది.

ఆదోని నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన హోటలాయన విరిగిన అంచును నిమిరి, "ఇదే శానా బాగుండాది. అన్నీ ఇట్లనే చేసిస్తారా?" అన్నాడు.

ఒంటి చెప్పుతోనే మా ఆయన, "చేస్తామన్నా" అన్నాడు.

ఇప్పుడు మా గిరాకీ అంతా ఆ విరిగిన అంచుకే. అంచు విరగ్గొట్టడానికి సుత్తి ఎత్తిన ప్రతిసారీ ముందు ఆయన కాళ్లు యాడున్నాయో చూసుకుంటాను.