మారిషస్ కరపత్రం

కొత్తగా లేచిన సైబర్ టవర్స్ ఎదుట, టూర్ల ఆఫీసులో సన్యాసిరావు కీబోర్డును పళ్ళు బిగించి బాదుతుంటాడు. కళ్ళజోడు ముక్కు కొసకి జారినా సర్దుకోడు. మారిషస్ వెళ్ళేవాళ్ళకిచ్చే కరపత్రంలో ఆ దీవి విశేషాలు రాయడం అతని పని. డోడో పక్షి, ఏడు రంగుల మట్టి, చివర్లో చెరుకుతోటల్లోకి కూలికెళ్ళిన తెలుగువాళ్ళ గురించి ఒక్క వాక్యం. ఆ వాక్యాన్నే మేనేజరు రంగనాథ్ కొట్టేశాడు.

"హనీమూన్‌కు పోయేటోళ్ళకు కూలోళ్ళ కథ ఎందుకప్పా?"

"ఎప్పుడో అంతరించిన పక్షికి నాలుగు లైన్లు ఉంచారండి. అక్కడికెళ్ళి తిరిగిరాని మా ముత్తాతకి ఒక్క లైను దక్కదా అండీ?" సన్యాసిరావు అరుపుకి ఆఫీసంతా తల తిప్పింది. రంగనాథ్ ఫోనెత్తుకున్నాడు.

అప్పట్నుంచి ప్రతి కరపత్రం అడుగునా ఆ వాక్యాన్ని సన్యాసిరావు కాగితం చిరిగేంత నొక్కి పెన్నుతో రాసిస్తున్నాడు. ఇప్పుడందులో పేరు కూడా ఉంది: గేదెల అప్పన్న.