వంగొద్దు, ఎత్తొద్దు

నా చేతిరాత ఎవరికీ అర్థం కాదని నాకు మంచి పేరు. ఇంటికి కావలసిన సరుకులు రాసిస్తే మా ఆవిడ ఆ కాగితాన్ని మందుల షాపులో చదివించుకొస్తానంటుంది. అలాంటివాణ్ని, ఏడేళ్ల కిందట తాండూరులో ఒక చీటీ మీద రెండు ముక్కలు మాత్రం ముత్యాల్లా రాశాను. ఆ రోజు కూడా కోడిగీతలే గీసి ఉంటే ఒక మనిషి బాగుపడేది.

నేను ఉండేది వికారాబాద్‌లో. వారానికి రెండు రోజులు పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లి, ఒక మందుల షాపు వెనక గదిలో రోగులను చూస్తాను. తాండూరంటే బండలు. తవ్వేవాళ్లు, కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, లారీలకెత్తేవాళ్లు. నా గదికి గుండె పట్టుకుని వచ్చేవాళ్ల కంటే నడుము పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

ఆ చీటీ రాసిచ్చింది ఒకామెకు. ఆమె బండల ఫ్యాక్టరీలో పాలిష్ అయిన బండలను కడిగి వరసగా నిలబెట్టే పని చేసేది. నలభై దాటిన మనిషి. ఒకరోజు బండ ఎత్తబోతే నడుము పట్టేసింది. పరీక్ష చేశాను. ఎముకకూ నరానికీ ఏమీ కాలేదు. మాకు చదువుకునే రోజుల్లో నేర్పింది ఒకటే: నడుము నొప్పి వస్తే నడుం వాల్చాలి. మందుల కింద, ఆమె ఇంట్లో ఎవరైనా చదవగలిగేలా తెలుగులో గుండ్రంగా రాశాను: "పూర్తి విశ్రాంతి. వంగొద్దు, బరువు ఎత్తొద్దు." ఎన్నాళ్లో రాయలేదు. వారం తర్వాత వస్తుంది కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. నొప్పి తగ్గింది కాబోలు, ఆమె రాలేదు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ ఏడే నాకూ నడుము నొప్పి వచ్చింది. నేను మంచమెక్కానా? గది మూస్తే రోగులు పక్క డాక్టరు దగ్గరికి పోతారని బెల్టు కట్టుకుని, రైల్లో సీటు దొరక్క నిలబడి మరీ తాండూరు వెళ్లొచ్చాను. మూడు వారాల్లో తగ్గిపోయింది. నడుం బిగించడమంటే ఇదే అని మురిసిపోయానే తప్ప, తిరగబట్టే తగ్గిందేమో అన్న అనుమానం రాలేదు. డాక్టరు నడుము వేరు, కూలి మనిషి నడుము వేరు అనుకున్నట్టున్నాను.

మూడేళ్ల కిందట ఒక వైద్యుల సమావేశానికి వెళ్లాను, భోజనం బాగుంటుందని. అక్కడ నా కంటే చాలా చిన్నదైన ఒక డాక్టరు లేచి, మామూలు నడుము నొప్పికి మంచం మందు కాదంది. ఓర్చుకోగలిగినంత మేర తిరగాలి, పనులు చేసుకోవాలి, పడుకుంటే బలం పోయి భయం మిగులుతుంది అంది. ఈ మాట పుస్తకాల్లోకి ఎక్కి ఎన్నో ఏళ్లయిందట. నా తలకెక్కలేదు, అంతే. మర్నాటి నుంచి మాట మార్చాను. కొత్తగా వచ్చినవాళ్లందరికీ నడవమని చెప్పాను. మాట మార్చానన్న మాట మాత్రం పాతవాళ్లెవరికీ చెప్పలేదు.

పోయిన నెల ఆమె వచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి కూతురి భుజం మీద. ఆ బిడ్డ చంకలో ఎనిమిది నెలల పాప.

"కాళ్లల్ల జీవం లేదంటది సారు," అంది బిడ్డ. "పొద్దుందాక మంచంలనే. వచ్చే నెల సంది నేను బట్టల షాపుల పనికి పోవాలె. పాపను చూసుకోవే అంటే ఎత్తుకోనంటది. పుట్టినప్పటి సంది ఒక్కసారి ఎత్తుకోలే. ఒళ్లె పండవెడితే ఆడిపిస్తది, గంతే."

"మంచంల పండుడు నాకేమన్న సంబురమా? సారే రాసిచ్చిండు," అంటూ ఆమె సంచిలోంచి నా చీటీ తీసింది. లామినేషన్ చేయించింది. నా అక్షరాలు ఏడేళ్ల తర్వాత కూడా నిగనిగలాడుతున్నాయి.

"దేవుని ఫొటో పక్కన పెట్టుకుంది," అంది బిడ్డ. "బిందె ఎత్తమంటే గిదే చూపెడ్తది. ఫ్యాక్టరీ సేటు పనికి రమ్మని పిలిస్తే గూడ గిదే చూపెట్టింది."

మళ్లీ పరీక్ష చేశాను. రోగం లేదు. వాడక బలం పోయిన కాళ్లు, అంతే.

"అమ్మా, ఇప్పుడు వైద్యం మారింది. నువ్వు వంగొచ్చు, ఎత్తొచ్చు. మెల్లమెల్లగ తిరగాలె," అన్నాను. మారింది వైద్యమట, నేను కాదట.

"గట్లయితే దీని మీద కొట్టేసి దస్కత్ పెట్టుండ్రి."

పెన్ను పెట్టాను. ప్లాస్టిక్ మీద జారింది. రెండోసారి గట్టిగా నొక్కినా గీత పడలేదు. కొత్త చీటీ తీసి రాశాను: "నడవాలి. వంగొచ్చు. పాపను ఎత్తుకోవచ్చు." బిడ్డ చదివి వినిపించింది.

"మరి పాతది తప్పా సారు?"

"తప్పే. నేనే తప్పు రాసిన."

"గది గూడ రాయుండ్రి."

రాశాను. సంతకం పెట్టాను. ఆమె ఆ చీటీ చేతిలో పట్టుకుని అడిగింది: "గీ ముచ్చట మీకెప్పుడు ఎరుకైంది?"

నిన్ననే అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"మూడేండ్లయింది."

"నా ఫోన్ నంబరు మీ బుక్కుల ఉండె గద?"

"ఉంది."

ఆమె తిట్టినా బాగుండేది. కర్ర నా టేబుల్‌కు ఆనించి బిడ్డ వైపు రెండు చేతులూ చాచింది. "ఇటియ్యి."

"జర కూసొని ఎత్తుకో అమ్మా."

"కూసొని మస్తు సార్లు ఆడిపిచ్చిన. నిలవడి ఎత్తుకుంట."

బిడ్డ పాపను అందించింది గానీ కింద చేతులు తీయలేదు. "తియ్యి," అంది ఆమె. తీసింది. ఆమె ఒక పక్కకు తూలింది. నేను లేచి మోచెయ్యి పట్టుకున్నాను. పాప అమ్మమ్మ ముక్కుపుడక పట్టి లాగింది.

"బరువే ఉన్నదే!" అని నవ్వి, కుర్చీలో కూలబడి రొప్పుతూనే మళ్లీ నవ్వింది.

రోజూ ఎంత నడవాలో, నెమ్మదిగా ఎలా పెంచాలో చెప్పాను. వాళ్లు లేస్తుంటే, "ఆ పాత చీటీ ఇక అక్కర్లేదు కదమ్మా, ఇటియ్యి," అన్నాను, చాలా మామూలుగా.

ఆమె నా మొహంలోకి చూసింది. పాతదీ కొత్తదీ ఒకదాని మీద ఒకటి పెట్టి సంచిలో దోపుకుంది.

"ఉండనియ్యుండ్రి సారు," అంది. "రెండు నా దగ్గర్నే ఉంటయ్."