మిరప ఘాటు కాదు, జలుబే

ఆ చలికాలం మా ఇంట్లోకి జలుబు తెచ్చింది మా అత్తమ్మ కాదు, నేను. అప్పుడే చెప్పాల్సిన మాట, చెప్పలేదు.

కోంటాలో మాది ఎండుమిరపకాయల దుకాణం. ఇంట్లో జలుబు చేసినవాళ్లకు మా ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. వేరే గ్లాసు, వరండాలో పక్క, మిరియాల కషాయం, చారన్నం పథ్యం. నాకు జలుబు పట్టిన రోజేమో పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతోంది. అందుకే నా ముక్కు కారుతుంటే "మిరప ఘాటు" అన్నాను. మా దుకాణంలో తుమ్మని మనిషి లేడు కాబట్టి అందరూ నమ్మారు. పిల్లలకు నా కంచంలోంచే ముద్దలు పెట్టాను కూడా.

రెండు రోజులకు పిల్లలిద్దరికీ జ్వరం. ముందురోజే ఎర్రబోరు నుంచి వచ్చిన అత్తమ్మ మీద పడింది నింద.

"బస్సుల ఎవరి పక్కన కూసున్నవే అమ్మా?" అంటూ మా ఆవిడ ఆమె పక్కను వరండాలోకి మార్చింది. ఒక్కసారి కూడా తుమ్మని ఆ మనిషి అక్కడ కషాయం తాగుతుంటే, నేను లోపల కోడికూర లాగిస్తున్నాను. ఆ తర్వాత ఆమె చలికాలంలో మా ఇంటికి రావడం మానేసింది.

ఈ ఏడు పిల్లలు అమ్మమ్మ కావాలని పట్టుబట్టారు. నేనే ఎర్రబోరు వెళ్లి, గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను.

"ఎరుకేలే అల్లుడా," అంది. "మిరప ఘాటుకు తుమ్మెటోడు దుప్పటి కప్పుకొని వణుకుతడా? నేనొచ్చిన రాత్రే కనిపెట్టిన. ఎన్నడు చెప్తవోనని చూస్తున్న."

"తప్పయింది అత్తమ్మా. వరండాల పండాల్సింది నేను. మన్నించు. ఇంటికొస్తే అందరి ముందట గూడా ఇదే చెప్త."