మౌన విద్వాంసుడి కొత్త పియానో

నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే ఆ పెద్దమనిషికి వీధిలోవాళ్ళు పెట్టిన పేరు మౌన విద్వాంసుడు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఇంట్లో డిజిటల్ పియానో ఉంది. ఆఫీసు నుంచి రాగానే హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ వాయిస్తాడు. ఒక్క స్వరం ఇంతవరకూ ఎవరి చెవినా పడలేదు. పైకి వినిపించేది కీలు దిగే చప్పుడొక్కటే. టక టక, టకటకటక, టక.

ఆ చప్పుడు వినే భాగ్యం భార్యకి దక్కింది. ఆమె దర్జీ. అదే గదిలో అవతలి గోడవారన ఆమె కుట్టుమిషను, కిటికీ ముందు ఆరడుగుల కత్తిరింపు బల్ల. బడిపిల్లల తెల్లచొక్కాలూ, ఆఫీసు ప్యాంట్లూ, ఎవరివో కిటికీ తెరలూ అన్నీ ఆ బల్ల మీదే పుడతాయి. ఇంటి ఖర్చులో సగానికి పైగా ఆ బల్లే మోస్తుంది. ఈ సంగతి విద్వాంసుడి తలలోకి ఎప్పుడూ ఎక్కలేదు. అక్కడ సంగీతం నిండిపోయి ఉంది మరి.

ఆ నెల ఆయనకి కొత్త మోడల్ పిచ్చి పట్టింది. నున్నటి కేటలాగు ఒకటి తెచ్చుకుని, పొద్దున్న టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చదివాడు.

"దీంట్లో ఒక్కో కీ కింద మూడు సెన్సార్లు. మనదానికి రెండే."

"ఆ మూడోది ఏం వెలగబెడుతుందట?"

"కీ పూర్తిగా పైకి లేవకముందే మళ్ళీ నొక్కినా పట్టుకుంటుంది. నా చెయ్యి మహా వేగం. పాతది అందుకోలేక నన్ను ఆపేస్తోంది."

ఆమె పళ్ళ మధ్య గుండుసూదులు ఉన్నాయి కాబట్టి నవ్వలేదు. అవి తీసి, "అయితే కొనుక్కోండి. నేనేమన్నా వద్దన్నానా?" అంది.

"అది కాదు. ఇది చెక్క పెట్టెతో వస్తుంది, కాస్త పెద్దది." కేటలాగులోంచి తల ఎత్తలేదు. "నీ బల్ల వరండాలో వేసుకుంటే సరిపోతుంది."

అదీ సంగతి. వరండాలో రోడ్డు దుమ్ము. నాలుగు చినుకులు పడితే జల్లు. తెల్లబట్ట అక్కడ పరిస్తే కత్తెర పెట్టేలోపే మట్టిగుడ్డ అవుతుంది. ఆమె ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు. టేపు సంచిలో వేసుకుని, "పదండి, ముందు కొట్లో చూద్దాం," అంది.

కొట్టు కుర్రాడి టై బాగానే ఉంది గానీ, కాలర్ ఒక పక్క ముడుచుకుని కుట్టి ఉంది. ఆమె కళ్ళు ముందు అక్కడికే పోయాయి. తర్వాత టేపు తీసి పియానో పొడవూ వెడల్పూ కొలిచింది.

"దీనికి చొక్కా కుడతారా మేడం?"

"ముందు మీ కాలర్ సరిచెయ్యాలి బాబూ," అంది. వాడు కాలర్ తడుముకున్నాడు.

విద్వాంసుడు స్టూలు మీద కూర్చుని హెడ్‌ఫోన్ల కోసం వెతుక్కున్నాడు.

"డబ్బాలో సీలు వేసి ఉన్నాయి సార్. నేరుగా వాయించండి. స్పీకర్లే దీని గొప్ప."

ఆయన స్టూలు ముందుకీ వెనక్కీ జరుపుకున్నాడు. చివరికి వాయించాడు. మొగుడి సంగీతం ఆమె చెవిన పడడం అదే మొదలు. ఎత్తుగడ ఫరవాలేదు. వినగా వినగా, ఇదిగో ఇప్పుడు, అనుకుంది మనసులో. సరిగ్గా అప్పుడే వేళ్ళు చిక్కుపడ్డాయి. ఆయన ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే చిక్కు.

"కొత్త కీలు కదా సార్, రెండు రోజుల్లో అలవాటైపోతుంది," అన్నాడు కుర్రాడు.

"మూడు సెన్సార్లూ పనిచేస్తున్నాయా బాబూ?"

"భేషుగ్గా, మేడం."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "అదే చోటు."

"ఏ చోటు? నువ్వెప్పుడు విన్నావు?"

"వినక ఎక్కడికి పోతాను? పక్కనే మిషను తొక్కుతుంటాను. గబగబా నాలుగు టక్కులు, ఆగడం, మళ్ళీ మొదటి నుంచి. తొమ్మిదేళ్ళుగా మీరు ఆగినప్పుడల్లా నా కాలూ ఆగుతోంది."

ఆయన మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ తన తప్పులు హెడ్‌ఫోన్లు దాటి రాలేదని పాపం నమ్మకం.

"జేబు వంకరపోతే నేను చొక్కా మొత్తం ఊడదీస్తానా? ఆ జేబు ఒక్కటే విప్పి కుడతాను. మీరేమో జేబు వంకరపోయిన ప్రతిసారీ కాలర్ నుంచి మొదలుపెడతారు. ఆ నాలుగు టక్కులు తిన్నగా పడ్డ రోజు చెప్పండి, బల్ల నేనే వరండాలో పడేస్తాను."

ఆ సాయంత్రం నుంచి ఆయన పాట మొదలు ముట్టుకోలేదు. ఆ నాలుగే. టకటకటక ట. టకటకటక ట. వారం తిరిగేసరికి ఆమెకి తలనొప్పి పట్టుకుంది. సలహా ఇచ్చినందుకు తనని తానే తిట్టుకుంది.

పదహారో రోజు చొక్కా చెయ్యి అతుకుతుండగా నాలుగు టక్కులూ వరుసగా పడ్డాయి. అయిదోది కూడా పడింది. తర్వాత ఆమె ఎన్నడూ వినని చప్పుడు చాలాసేపు సాగి, పాట చివరికంటా వెళ్ళి ఆగింది. ఆమె కాలు మాత్రం మధ్యలో ఎక్కడా ఆగలేదు.

మాట మాటే కదా. ఆమె లేచి బల్ల ఒక కొస పట్టుకుంది. "ఆ చివర పట్టుకోండి."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల వంక చూశాడు, పాత పియానో వంక చూశాడు. "ఉండనీలే," అన్నాడు. కాసేపటికి పెద్ద రసజ్ఞుడిలా పెదవి విరిచి, "అసలా కొత్త మోడల్ కీలే నాకు నచ్చలేదు. మరీ తేలిక," అన్నాడు.

కేటలాగు కాగితం మంచి దళసరి. మర్నాడు ఆమె దాంతో జేబు అచ్చు కత్తిరించుకుంది.