భుజాన లేని తువ్వాలు

ఉదయం ఏడుంపావుకు చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాను. ముందురోజు సాయంత్రం సరోజ వదిన ఫోన్ చేసింది. "మీ అన్న నీ పేరే ఎత్తతా ఉండాడప్పా. డాక్టర్లు ఇంటికి తీసకపొమ్మన్నారు. ఒక్కసారి వచ్చి మొగం సూపించి పో."

అన్నంటే సొంత అన్న కాదు, మునిరత్నం. ఇరవై అయిదేళ్ల కిందట తిరుపతిలో, గుడి వెనక సందులో, నా ఇత్తడి సామాన్ల అంగడి పక్కది ఆయన అంగడి. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు.

కారణం చెబితే నవ్వుతారు. మా సందులో ఒక కట్టుబాటు ఉండేది. నా దగ్గర బేరం కుదరక గిరాకీ లేచి పోతుంటే, నేను గడపలో నిలబడి తువ్వాలు భుజాన వేసుకుంటాను. అది చూసి మునిరత్నం అదే సామానుకు నాకంటే ఎక్కువ చెబుతాడు. గిరాకీ తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఆయన తువ్వాలు వేసుకుంటే నేనూ అంతే. ఒకరోజు వేలూరు నుంచి పెళ్లి సామాన్లకని ఒక కుటుంబం వచ్చింది. మిట్టమధ్యాహ్నం దాకా బేరమాడి లేచారు. నేను తువ్వాలు వేసుకున్నాను. మునిరత్నం తక్కువ చెప్పి మొత్తం అమ్మేశాడు. సందంతా వినేట్టు తిట్టి, నెల తిరక్కుండా చిత్తూరుకు మకాం మార్చాను, మళ్లీ ఆ ఊళ్లో అడుగుపెట్టలేదు.

ఇప్పుడాయన తప్పు ఒప్పుకుంటే పెద్దమనసుతో "పోనీలే అన్నా" అనాలి. బస్సులో ఆ మాట రెండు మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను.

చంద్రగిరి దగ్గర పక్క సీటు పెద్దాయన కిటికీలోంచి వేలు చూపించాడు. "ఈడనే మా మామిడితోట. రోడ్డుకింద పోయినాది. ఇప్పుడు టిక్కెట్టు తీసుకొని మా తోటమీదనే పోతా ఉండా, సూడు."

తొమ్మిదీ పదికి దిగాను. వదినకు ఫోన్ చేసి వచ్చానని చెప్పి, రెండు ఇడ్లీ తిని, వాళ్లింటికి ఆటో అడిగాను.

"కొర్లగుంటకు నూట ఇరవై సామీ."

"ఎనభై."

"గిట్టదు సామీ."

బేరంలో ఆఖరి అస్త్రం వెనుదిరిగి నడవడం. పదడుగుల్లోపు పిలుపు రావాలి. నేను అలా పిలిపించుకున్నవాణ్ని, అంగట్లో కూర్చుని పిలిచినవాణ్ని కూడా. పదడుగులయ్యాయి, ఇరవై అయ్యాయి. తిరిగి చూస్తే ఆ ఆటోలో వేరెవరో ఎక్కి పోతున్నారు. ఇంకో ఆటో పిలవడానికి రోషం అడ్డొచ్చింది. పుట్టి పెరిగిన ఊరు, నాకు దారి తెలియదా అని నడిచాను.

సినిమా హాలు దగ్గర ఎడమకు, కట్టెల అడితి దాటి కుడికి. ఇదీ నా తలలోని తిరుపతి. కాళ్ల కింది తిరుపతిలో నెత్తిమీద ఫ్లైఓవర్, ఎటు చూసినా అద్దాల లాడ్జీలు. ఎంత నడిచినా హాలు రాలేదు. చివరికి పూలమ్మే ఆవిణ్ని అడిగాను.

"ఏ కాలంలో ఉండావు సామీ? దాన్ని పడగొట్టి శానా ఏండ్లాయె. నువ్వెప్పుడో దాటేసినావు."

ఇల్లు చేరేసరికి పదీ ముప్పై అయిదు. వాకిట్లో చాలా చెప్పులున్నాయి. మునిరత్నాన్ని కింద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు.

"పదింటికి పోయినాడప్పా," అంది వదిన. "నువ్వు బస్సు దిగినావంటే కండ్లు తెరిసినాడు. వాకిలి దిక్కే సూస్తా సూస్తా పోయినాడు. ఆటో దొరకల్యా?"

"దొరకలేదు వదినా," అన్నాను.

ఆవిడ దిండు కిందనుంచి తువ్వాలొకటి తీసి నా చేతిలో పెట్టింది. అంచున నా భార్య ఎర్రదారంతో కుట్టిన నా పేరు మొదటక్షరం.

"నీ చేతికే ఇయ్యాలని పెట్టుకున్నాడు. ఆ పొద్దు వేలూరు ముసలామెకు ఎండకు కండ్లు తిరిగితే, నువ్వే తడిపి నెత్తిన వేస్తివంట. ఆమె అట్లనే మా అంగట్లోకి వచ్చేసింది. నీ భుజాన తువ్వాలు ల్యా. నీకా బేరం వద్దేమోనని మా ఆయన అమ్మినాడు. చెప్పబోతే నువ్వు యాడ వింటివి?"

ఇరవై అయిదేళ్లుగా నా కళ్లముందు నేను ఆ గడపలో తువ్వాలు భుజాన వేసుకుంటూనే ఉన్నాను. మడతలు కూడా గుర్తే. అది ఆ సమయానికి ముసలామె నెత్తిన ఉంది.

మూడింటికి దహనం అయింది. స్నానం చేసి, బస్టాండుకు వెళ్లే ముందు మా సందు చూద్దామని ఆటో ఎక్కాను. అంగళ్ల వరస లేదు, కార్లు నిలిపే స్థలం ఉంది. నా గడప ఏ కారు కిందో తేల్చుకోలేకపోయాను. ఆటో అతను అడిగినంత ఇచ్చాను. అతనే నోటును వెలుతురుకు పెట్టి అనుమానంగా చూశాడు.

అయిదున్నరకు చిత్తూరు బస్సు. తిరుపతి వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే: ఎవరైనా మీకోసం వాకిలి చూస్తుంటే, బేరమాడకండి. పాత గుర్తులు పట్టుకుని నడవకండి.

చంద్రగిరి దాటాక తువ్వాలు తీసి భుజాన వేసుకోబోయాను. అది చూసి ధర పెంచి చెప్పే మనిషి లేడు. మడిచి సంచిలో పెట్టుకున్నాను.