గుడ్డు తేలని నీళ్లు

మా వదినది నది అవతలి ఊరు. వంతెన దాటితే తెలంగాణ. మేం అన్నదమ్ములం ఇవతల, మహారాష్ట్ర వైపు సిరోంచాలో మరాఠీ బడిలో చదువుకున్నాం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, రాయమంటే ఇద్దరికీ అక్షరం ముక్క వచ్చేది కాదు. పెళ్లయి వచ్చిన ఏడాదే వదిన నన్ను కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించింది. "మాట్లాడే భాషల నీ పేరు నీకు రాయరాదంటే సిగ్గుగాదా?" అని ఆటపట్టించేది. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. అలాంటి మనిషికి నేనేం చేశానో చెప్పుకోవడానికే రాస్తున్నాను.

నా ఉద్యోగం హైదరాబాదు కంపెనీలో, పని ఇంటి నుంచే. తీరిక దొరికినప్పుడు ఒక బూట్‌లోడర్‌కు ఊరికే పనిచేస్తుంటాను. యంత్రానికి కరెంటు ఇవ్వగానే అన్నిటికంటే ముందు తను లేచి, మిగతావాటిని లేపే చిన్న ప్రోగ్రామ్ అది. దానికి ఓనరు అంటూ ఎవరూ లేరు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తారు, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఆ మధ్య దాంట్లో మెమరీకి సంబంధించిన తప్పులు కొన్ని దొరికాయి. ఫైలు పేరు పట్టడానికి మెమరీలో ఇన్ని గడులని కేటాయిస్తారు. పేరు అంతకంటే పొడుగైతే పక్క గడుల్లోకి పొర్లి అక్కడున్నదాన్ని చెరిపేస్తుంది, ఇక యంత్రం లేవదు. పేరును ముందు కొలిచి, పొడుగైతే వదిలేసేలా ఎవరో రెండు లైన్లు చేర్చారు. అలాంటి సవరణలు మొత్తం పదకొండు. రేపు ఇంకెవరైనా తెలియక వాటిని తీసేస్తే వెంటనే బయటపడాలి కదా. అందుకని ఒక్కోదానికి ఒక్కో యూనిట్ టెస్ట్ కావాలన్నారు. సవరణ ఉంటే పచ్చగా, లేకుంటే ఎర్రగా చూపించే చిన్న పరీక్ష. నేను రాస్తానని ముందుకొచ్చాను.

నియమం ఒకటే. పరీక్ష రాశాక, సవరణను ఒకసారి తీసేసి ఎర్రగా వస్తుందో లేదో చూడాలి. మొదటి నాలుగింటికి చూశాను. ఐదోదానికి విసుగొచ్చింది. అన్నీ పచ్చగా వస్తున్నాయి కదా, ఇంకేం చూసేదనుకున్నాను. మిగతా ఏడింటికి కూడా "తీసి చూశాను" అన్నచోట టిక్కు పెట్టేశాను. అబద్ధమాడుతున్నానని అప్పుడు అనిపించలేదు. అందరూ మెచ్చుకుంటే సిగ్గులేకుండా పొంగిపోయాను కూడా.

అన్న లారీ డ్రైవరు. అల్లపల్లి డిపోలో టేకు దుంగలు వేసుకొని ఆష్టి మీదుగా పోయాడంటే, మళ్లీ నాలుగైదు రోజులకు గానీ ఇల్లు చేరడు. సేద్యమంతా వదినదే. నది ఒడ్డున మోటరు ఉంది గానీ, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని పాత స్టార్టర్ పీకేసి, చిన్న బోర్డుతో ఒక డబ్బా చేసిచ్చాను. ఏ మడికి ఎంతసేపు నీళ్లో ఫోన్లో రాసి, మెమరీ కార్డులో వేసి పెడితే చాలు, కరెంటు రాగానే డబ్బాయే మోటరును నడుపుతుంది. లోపల నేను పనిచేసే ఆ బూట్‌లోడరే. వదిన వారంలో అంతా నేర్చేసుకుంది. పక్క పొలాల ఆడవాళ్లను పిలిచి, "ఇది నా డబ్బా" అని చూపించేది.

నిరుడు యాసంగిలో, వరి పొట్ట మీద, కంకి రాబోతూ ఉండగా, డబ్బాలోకి కొత్త బూట్‌లోడర్ ఎక్కించి ఆఫీసు పని మీద హైదరాబాదు వెళ్లాను. నాలుగో రోజు వదిన ఫోన్ చేసింది.

"డబ్బా లేస్తలేదు. ఎర్రలైటు ఒక్కటే కొట్టుకుంటుంది. కరెంటున్నది గని మోటరు నడుస్తలేదు."

నేను మీటింగు మధ్యలో ఉన్నాను. "లైటు కొట్టుకునేటప్పుడు మెయిన్ గిట్ల బంద్ చేసినవా వదినా?" అని అడిగాను.

"గాలిదుమారం లేసిందని ఉరికిపోయి బంద్ చేసిన. నేనే ఖరాబ్ చేసిన్నా ఏంది?"

"అయ్యుంటది" అన్నాను. ఏమీ తెలియకుండానే అన్నాను. ఫోన్ త్వరగా పెట్టేయాలని అన్నాను.

తొమ్మిది రోజుల తర్వాత గానీ రాలేకపోయాను. అప్పటికి కింది మడిలో కంకులు తెల్లగా, గింజ పట్టక తాలుగా బయటికొచ్చాయి. వదిన కార్డు బయటికి తీసి, వేరే ఖాళీ కార్డు పెట్టగానే డబ్బా లేచింది. అనుమానమొచ్చి ఆమె కార్డును ఇంటికి తీసుకుపోయి, నా దగ్గరున్న ఇంకో బోర్డులో వేశాను. అదీ లేవలేదు.

ఒక ఫైలు పేరు "కింది మడికి పొద్దటి పూట తడి". అంతకుముందు వదిన ఒకటి, రెండు అని అంకెలు పెట్టేది. ఆ వారమే తెలుగులో పెట్టింది. చూడటానికి చిన్న పేరే. కానీ యంత్రం లోపల ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. మన అక్షరానికి మూడు, దాని గుణింతపు గుర్తుకు ఇంకో మూడు కావాలి. పేరు పొర్లిపోయింది. మరి కొలిచే ఆ రెండు లైన్లేమయ్యాయని వెతికితే, రెండు నెలల కింద ఎవరో కోడు శుభ్రం చేస్తూ అనవసరమనుకొని తీసేశారు. నా పరీక్ష పచ్చగా చూపించింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

పరీక్షను తెరిచి చూశాను. ఇంగ్లీషు 'a' అక్షరాన్నే వరుసగా పేర్చి పొడుగు పేరు చేశాను. దాన్ని లోపలికి పంపడానికి నేనే రాసుకున్న చిన్న ఫంక్షను, పంపేముందే దాన్ని కత్తిరించేస్తోంది. పొడుగు పేరు ఎన్నడూ లోపలికి పోనే లేదు. సవరణ ఉన్నా పచ్చే, లేకున్నా పచ్చే. ఒక్కసారి తీసి చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది.

ఆ రోజే ఆ రెండు లైన్లూ తిరిగి పెట్టి, డబ్బాలోనూ ఎక్కించి, పరీక్షను దిద్ది, "పరీక్షలో చిన్న మెరుగు" అని రాసి పంపాను. దొంగబుద్ధి కాకపోతే ఏమిటి? వదినకు మాత్రం ఏమీ చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంటూ వారాలు గడిపాను.

ఆమె డబ్బా జోలికి పోవడం మానేసింది. నన్ను అడగకుండా పక్క పొలమాయనను బతిమాలి కార్డు పెట్టించుకునేది. ఆయనకు తీరికైన రోజే మడికి నీళ్లు. ఒకరోజు అన్న ఇంట్లో ఉన్నప్పుడు, భోజనాల దగ్గర, "మీ వదిన చేతికి లైటు స్విచ్చు గూడ ఇయ్యకురా, ఊరంత చీకటైతది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వదిన కూర వడ్డించి లోపలికి పోయింది.

వానలకు ముందు నారు పోయడానికి వదిన వడ్లు బయటికి తీసింది. ఆ పొద్దున నేనక్కడే ఉన్నాను. బకెట్టు నీళ్లలో ఉప్పు కలిపి, ముందు ఒక కోడిగుడ్డు వేసింది. అది మునిగింది. ఇంకో పిడికెడు ఉప్పు వేసింది. అయినా మునిగింది.

"వడ్లు పొయ్యరాదు వదినా, గుడ్డుతోటి ఏం పని?"

"గుడ్డు తేలకముందే పోస్తే ఏం లాభం? ఒట్టి నీళ్లల్ల సగం తాలు గింజ గూడ మునుగుతది. అన్నీ మంచియే అనుకుంటం. ముందుగాల నీళ్లను చూసుకోవాలె."

మూడో పిడికెడుకు గుడ్డు పైకొచ్చింది. అప్పుడు వడ్లు పోసింది. తాలు గింజలు తేలాయి. ఆమె వంగి వాటిని దోసిట్లోకి తీస్తుంటే, అక్కడ నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు. గింజల కోసం ఆమె పడుతున్న శ్రద్ధలో సగం పడ్డా ఆ టిక్కులు పెట్టేవాణ్ణి కాదు.

ఆ రోజే బూట్‌లోడర్ వాళ్లందరికీ రాశాను. ఏడు పరీక్షలకు తీసి చూడకుండానే చూశానని చెప్పానని, వాటిలో ఒకటి ఉత్తదని. మిగతా ఆరూ తీసి చూస్తే ఇంకో రెండు కూడా ఉత్తవే. దిద్ది పంపాను. మర్నాడు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, నిజం చెప్పినందుకు సంతోషమని రాశాడు. అంత సులువుగా క్షమించేశారు. ఎందుకంటే వాళ్లలో ఎవరి మడీ ఎండలేదు.

ఆనాడు తీసుకుపోయిన కార్డును జేబులో వేసుకొని వదిన దగ్గరికి వెళ్లేసరికి, ఆమె నానిన వడ్లను గోనెసంచిలో పోస్తోంది.

"వదినా, డబ్బా నువ్వు ఖరాబ్ చెయ్యలే. నువ్వు తెలుగుల పెట్టిన పేరుకు అందుల జాగ సాల్లే. అసోంటిది ముందే పట్టుకునేటట్టు చేసుడు నా పని. చూడకుండనే చూసిన్నని రాసిన."

"మెయిన్ బంద్ చేసినందుకు గాదా?"

"కాదు."

ఆమె చేతులు ఆగాయి. "నీకెప్పుడు ఎరుకైంది?"

"కార్డు తీస్కపోయిన నాడే."

"అంటే మీ అన్న నవ్వే యాళ్లకు నీకెరుకే."

"ఎరుకే."

"నువ్వు గూడ నవ్వినవు."

"నవ్విన వదినా."

సంచి మూతి బిగించి కట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, చెయ్యి చాపింది. "కార్డు ఇటియ్యి." జేబులోంచి తీసి ఇచ్చాను.

"మాపటికి మీ అన్న వస్తడు. గిప్పుడు నాకు చెప్పిందంత, అన్నం తినేకాడ అందరి ముందట చెప్పాలె. నేనే వడ్డిస్త. ఇయ్యాల లోపలికి పోను."